వాసన వచ్చే గులాబీ పాలీహౌస్‌లో పెడదామా?



ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. పోయిన ఆదివారం పొద్దుపొద్దున్నే మా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. వాళ్లది దేవరకొండ వైపు ఊరు. "అన్నా, ఒక వీడియో పంపిన, చూసినవా? లేత గులాబీ రంగు పువ్వు. ఒక్క కాడకు గుత్తి పూస్తది. వాసన కూడా ఉంటదంట. మన పాలీహౌస్‌ల పెడ్దమనుకుంటున్న. నువ్వు జర నాయినకు చెప్పు" అన్నాడు.

చిన్నాయనకు చెప్పడం అంత ఈజీ కాదు. ఎందుకో చెప్తా.

2018లో చిన్నాయన ఎకరంలో పాలీహౌస్ వేశాడు. సబ్సిడీ పోను మిగతాది బ్యాంకు లోను. లోపల ఎర్ర గులాబీ పెట్టాడు. ఏడాదిన్నర బాగానే నడిచింది. తర్వాత 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. పెళ్లిళ్లు లేవు, గుళ్లు మూసేశారు, బండ్లు బంద్. గులాబీతో ఉన్న తిప్పలు ఏందంటే, అమ్ముడుపోకపోయినా కోయాల్సిందే. కోయకపోతే పువ్వు మొక్క మీదనే కుళ్లి రోగం పడుతుంది. రోజూ పొద్దున కోసి, గేటు బయట కుప్ప పోసేవాడు. ఆ కుప్ప నేను కళ్లారా చూసిన. ఆ ఏడాది ఆఖరుకు గులాబీ మొత్తం పీకేసి కీరా పెట్టాడు. అప్పటి నుంచి ఇంట్లో పువ్వు మాట ఎత్తితే లేచి బయటికి పోతాడు.

కాబట్టి నేను ఫోన్ చేస్తే ఏమైందో మీరే ఊహించుకోవచ్చు. మొత్తం విని ఒక్క మాట అడిగాడు: "వాసన చూసి పైసలు ఎవడిస్తడురా?"

నా దగ్గర జవాబు లేదు. వారం రోజులు చదివి, అడిగి తెలుసుకున్నదంతా ఈ ఎపిసోడ్. ఇది మా తమ్ముడి కోసం. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఫోన్‌లో గులాబీ వీడియో చూసి "మనమూ పెడదాం" అనుకుంటున్న ప్రతి తమ్ముడి కోసం, చెల్లె కోసం కూడా.

ముందు ఆ పువ్వు సంగతి చూద్దాం.

పూల దుకాణంలో కనిపించే పొడుగు కాడ, కాడకు ఒకటే పెద్ద పువ్వు ఉన్న గులాబీని హైబ్రిడ్ టీ అంటారు. మనోళ్లు డచ్ రోజ్ అంటారు. ఫ్లోరిబండా వేరే జాతి. పేరులోనే ఉంది, పూలు బండెడు అని గుర్తు పెట్టుకోండి, మర్చిపోరు. కాడకు గుత్తిగా పూస్తుంది. డెన్మార్క్‌లో పౌల్సెన్ అనే నర్సరీ కుటుంబం, చలి తట్టుకుని గుత్తులుగా పూసే చిన్న పాలియాంతా గులాబీలను, పెద్ద పువ్వుల హైబ్రిడ్ టీలతో కలిపింది. 1924లో వచ్చిన ఎల్స్ పౌల్సెన్ అనే గులాబీ రంగు పువ్వు ఈ వంశంలో మొదట పేరు తెచ్చుకున్నవాటిలో ఒకటి. తర్వాత అమెరికాలో జాక్సన్ అండ్ పెర్కిన్స్ కంపెనీలో యూజీన్ బోర్నర్ అనే ఆయన ఈ జాతి మీద ఎంత పని చేశాడంటే, ఆయనను అందరూ 'పాపా ఫ్లోరిబండా' అని పిలిచేవాళ్లు.

ఆయన తయారు చేసిన వాటిలో ఒకటి బ్రైడల్ పింక్. లేత గులాబీ రంగు, మంచి వాసన, గ్రీన్‌హౌస్‌లో కోత పువ్వుగా పెంచడానికే తెచ్చిన ఫ్లోరిబండా. బోర్నర్ 1966లో చనిపోయాడు, ఈ రకం 1967లో మార్కెట్‌లోకి వచ్చింది. పేరు చూడండి, పెళ్లికూతురి గులాబీ. దీని కొమ్మ ఒకటి తెల్లగా మారితే, దాన్ని బ్రైడల్ వైట్ అని వేరే రకంగా తెచ్చారు. అంటే గ్రీన్‌హౌస్‌కు పనికొచ్చే వాసన గులాబీ అనేది కొత్త అద్భుతం కాదు. దాదాపు అరవై ఏండ్ల కిందటి మాట. వీడియోలో "ప్రపంచంలోనే మొదటిసారి" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

మరి అరవై ఏండ్ల కిందటే ఉంటే, ఇవాళ బొకేలో గులాబీని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా ఎందుకు రాదు?

ఇది చాలా ఇంట్రెస్టింగ్. ఇవాళ ప్రపంచంలో కోత గులాబీలు ఎక్కువగా కెన్యా, ఇథియోపియా, ఈక్వెడార్, కొలంబియాల్లో పెరుగుతాయి. అక్కడ కోసి, చల్లటి గదిలో పెట్టి, విమానం ఎక్కించి, యూరప్‌కో అమెరికాకో పంపిస్తారు. దుకాణానికి చేరేసరికే కొన్ని రోజులు. ఆ తర్వాత కొన్నవాళ్ల ఇంట్లో వారమైనా నిలవాలి. కాబట్టి రకాలు తయారు చేసేవాళ్లు దేని కోసం వెతికారు? మందంగా ఉండే రేకు, గట్టి మొగ్గ, పొడుగు కాడ, నిలవ ఉండే రోజులు. వాసన ఎవరూ అడగలేదు. పైగా మంచి వాసన ఉన్న పూలు చాలావరకు త్వరగా వాడతాయని బ్రీడర్ల అనుభవం. ఒకదాని కోసం ఏరుకుంటూ పోతుంటే రెండోది చేజారింది.

2015లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. మంచి వాసన ఉన్న పాపా మేయాన్ అనే గులాబీని, వాసన లేని రూజ్ మేయాన్ అనే గులాబీని పక్కపక్కన పెట్టి జన్యువులు పోల్చారు. రేకులో జెరానియాల్ లాంటి సువాసన పదార్థాలు తయారు కావడానికి ఎన్‌యూడీఎక్స్1 అనే ఎంజైమ్ కావాలని తేలింది. వాసన లేని పువ్వులో ఆ జన్యువు దాదాపు పనే చేయడం లేదు. అంటే వాసన ఎరువుతో వచ్చేది కాదు, స్ప్రేతో వచ్చేది కాదు. రకంలో ఉంటేనే ఉంటుంది. "మా మందు కొడితే వాసన వస్తది" అని ఎవరన్నా అంటే మీ పైసలు జేబులోనే ఉంచుకోండి.

ఇప్పుడు చిన్నాయన ప్రశ్నకు దగ్గరికి వస్తున్నాం.

విమానం ఎక్కే పువ్వుకు వాసన బరువు. మన పువ్వు విమానం ఎక్కదు కదా! నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ నుంచీ అంతే. దేవరకొండ నుంచి ఇంకొంచెం ఎక్కువ. సాయంత్రం కోసి, రాత్రి చల్లగా ఉంచి, తెల్లారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌లో దించొచ్చు. పన్నెండు రోజులు నిలవాల్సిన అవసరం మన పువ్వుకు లేదు. పెళ్లి స్టేజీ మీద ఒక్క రాత్రి ఉంటే చాలు. మన ప్రాంతానికి ఉన్న అసలు బలం ఈ దగ్గరే.

కానీ ఆగండి. మార్కెట్‌లో ఏజెంట్ పువ్వును ఎట్లా చూస్తాడు? 20 పూల కట్ట చేతిలోకి తీసుకుంటాడు. కాడ పొడుగు చూస్తాడు, మొగ్గ సైజు చూస్తాడు, ఎంత విచ్చుకుందో చూస్తాడు, రేటు చెప్తాడు. ముక్కు దగ్గరికి తీసుకోడు. ఫ్లోరిబండా కాడ సాధారణంగా హైబ్రిడ్ టీ అంత పొడుగు రాదు. అంటే ఏజెంట్ కొలతలో మీ పువ్వు మొదటి మెట్టు మీదే ఓడిపోతుంది. చిన్నాయన అడిగింది వంద శాతం కరెక్ట్. మార్కెట్‌లో వాసనకు రేటు లేదు.

అయితే వాసనకు పైసలు ఇచ్చేవాళ్లు మార్కెట్ బయట ఉన్నారు. పెళ్లి డెకరేషన్ వాళ్లు, హోటళ్లు, ఇంటికి బొకేలు పంపే చిన్న పూల వ్యాపారులు. వాళ్లకు నేరుగా అమ్మితేనే ఈ పువ్వుకు విలువ. అందుకే నా మొదటి మాట: మొక్క ఆర్డర్ పెట్టకముందు కొనేవాళ్లను వెతకండి. కనీసం ముగ్గురు. "చూద్దాం లే" అన్నవాళ్లు లెక్కలోకి రారు. "వారానికి ఇన్ని కట్టలు తీసుకుంటా" అన్నవాళ్లే లెక్క.

కొనేటోళ్లతో మాట్లాడేటప్పుడు పంచాంగం కూడా దగ్గర పెట్టుకోండి. జోక్ కాదు. లేత గులాబీ రంగు అంటే పెళ్లి స్టేజీ. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణంలో ముహూర్తాలుంటే రేటు. ఆషాఢం, పుష్యం, మూఢం వచ్చాయంటే పువ్వును పలకరించేవాడు ఉండడు. కొమ్మ తుంచిన దగ్గర నుంచి పువ్వు కోతకు రావడానికి సుమారు ఆరేడు వారాలు పడుతుంది. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసి కొమ్మ తుంచాలి. ఫిబ్రవరి 14కు పువ్వు కావాలంటే డిసెంబర్ ఆఖరి వారంలోనే కత్తెర పట్టాలి.

ఇక రెండోది, ఎండ.

గులాబీకి హాయిగా ఉండేది పగలు 24 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 15 నుంచి 18. బెంగళూరు, హోసూరు గులాబీకి ఎందుకు పేరు పడ్డాయంటే అవి సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మహబూబ్‌నగర్ 500 మీటర్ల దగ్గర ఉంది, నల్లగొండ ఇంకా కింద. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర బయటే 42, 43 డిగ్రీలు. ప్లాస్టిక్ కింద గాలి ఆడకపోతే ఇంకా ఎక్కువ. ఆ వేడిలో మొగ్గ తొందరపడి విచ్చుకుంటుంది, సైజు చిన్నదవుతుంది, రేకులు తగ్గుతాయి. లేత గులాబీ రంగైతే వెలిసి తెల్లగా కనిపిస్తుంది. వాసన కూడా త్వరగా ఎగిరిపోతుంది. అంటే దేని కోసం ఈ రకం పెట్టామో, ఆ రెండూ ఎండాకాలంలో పోతాయి.

దీనికి నేను విన్న మంచి సలహా: ఎండాకాలంలో మొక్కతో కొట్లాడకండి. షేడ్‌నెట్ వేయండి, పక్క తెరలు, పైన గాలి పోయే కిటికీ తెరిచి ఉంచండి, ఫాగర్లు నడపండి, కొమ్మలు వంచి ఆకు పెంచుకోనివ్వండి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి వరకు వచ్చే పువ్వు మీద లెక్క వేసుకోండి. పన్నెండు నెలలూ ఒకే దిగుబడి అని కాగితం మీద లెక్క వేసి లోను తీసుకుంటే, మేలో ఈఎంఐ మిమ్మల్ని అడుగుతుంది, పువ్వు అడగదు.

వేడికి తగ్గ గులాబీ కోసం మన దగ్గర జీవితమే పెట్టినాయన ఒకరున్నారు. ఎం.ఎస్. వీరరాఘవన్ గారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో ఐఏఎస్ అధికారి. ఉద్యోగం మధ్యలోనే స్వచ్ఛందంగా వదిలేసి కొడైకెనాల్ వెళ్లి గులాబీల మీదే పని చేశారు. చలి దేశాల గులాబీ మన ఎండకు సరిపోదని, మన దేశపు అడవి గులాబీలు రోజా జైగాంటియా, రోజా క్లైనోఫిల్లాలతో కొత్త రకాలు కలిపారు. ఆయన పని నుంచి నేను తీసుకున్నది ఒక్కటే: "ఈ పువ్వు ఎంత అందంగా ఉంది" అని కాదు, "ఇది ఎక్కడి ఎండకు పుట్టింది" అని అడగాలి.

మూడోది, నీళ్లు. నల్లగొండోళ్లకు నీళ్ల గురించి నేను చెప్పేదేముంది! బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మన తాతల ఎముకలకే తెలుసు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి 1970ల్లో నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో చేసిన పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. ఫ్లోరైడ్ పూలనూ వదలదు. కోసిన పువ్వును పెట్టే బకెట్ నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటేనే గ్లాడియోలస్, జెర్బెరా దెబ్బతింటాయి. గులాబీ ఇంకొంచెం తట్టుకుంటుంది, కానీ ఎక్కువైతే దానికీ దెబ్బే. ఇక నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువుంటే డ్రిప్ రంధ్రాలు మూసుకుంటాయి, మట్టి పీహెచ్ పెరిగి మొక్క ఇనుము తీసుకోలేక ఆకు పసుపెక్కుతుంది. కాబట్టి ముందు నీళ్ల పరీక్ష చేయించండి. పీహెచ్, ఈసీ, బైకార్బొనేట్, ఫ్లోరైడ్ నాలుగూ అడగండి.

మరి మంచి నీళ్లు ఎక్కడివి? మీ పాలీహౌస్ కప్పు మీదివే! ఈ లెక్క ఫోన్ కాలిక్యులేటర్‌లో నాతో పాటు వేయండి. ఎకరం అంటే సుమారు 4000 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటర్ వాన పడితే 4000 లీటర్లు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడితే 24 లక్షల లీటర్లు. అందులో మూడింట రెండు వంతులే పట్టుకున్నా 16 లక్షలు. ఎకరంలో 25 వేల మొక్కలు, మొక్కకు రోజుకు లీటరు అనుకుంటే రోజుకు 25 వేల లీటర్లు. అంటే ఉత్త వాన నీళ్లతోనే 64 రోజులు. సగం బోరు నీళ్లు కలిపితే నాలుగు నెలలు దాటుతుంది. వాన నీళ్లలో ఉప్పు ఉండదు, ఫ్లోరైడ్ ఉండదు. గట్టర్ పైపు పెట్టి, షీట్ పరిచిన గుంట తవ్వుకుంటే చాలు. చిన్నాయన పాలీహౌస్‌కు ఇన్నేండ్లూ ఆ గుంట లేదు. ఆ నీళ్లన్నీ పక్క చెలకలోకి పోయాయి.

నాలుగోది, రంగు తెచ్చే తిప్పలు. ఎర్ర పువ్వు మీద తామర పురుగు గీతలు అంతగా కనిపించవు. లేత రంగు రేకు మీద చిన్న గీత పడ్డా, బూజు తెగులు చుక్క పడ్డా దూరం నుంచే కనిపిస్తుంది. అంటే ఈ రంగుకు కాపలా డబుల్. నీలం రంగు జిగురు అట్టలు కట్టి వారం వారం పురుగులు లెక్కపెట్టాలి. ఇంకో చిట్కా: గుత్తిలో నడిమి మొగ్గ అన్నిటికన్నా ముందు విచ్చుకుంటుంది. దాన్ని చిన్నప్పుడే తీసేస్తే మిగతావి ఇంచుమించు ఒకేసారి విచ్చుకుంటాయి, గుత్తి నిండుగా కనిపిస్తుంది. డచ్ రోజ్‌కు చేసేది దీనికి ఉల్టా. అక్కడ పక్క మొగ్గలు తీసి నడిమిది ఉంచుతాం. పాత అలవాటుతో పని చేసే కూలీలకు ఇది ముందే చూపించాలి.

మొక్క కొనేటప్పుడు రకం పేరు, వేరు మొక్క పేరు బిల్లు మీద రాయించుకోండి. కొత్త రకాలకు బ్రీడర్ రాయల్టీ ఉంటుంది. ఇది ఇవాళటి పద్ధతి కాదు. అమెరికాలో 1931లో మొక్కకు ఇచ్చిన మొట్టమొదటి పేటెంట్ కూడా ఒక లేత గులాబీ రంగు పువ్వుకే, న్యూ డాన్ అనే తీగ గులాబీకి. రాయల్టీ కడుతున్నారంటే దాని బదులుగా అసలు రకం, రోగం లేని మొక్క మీకు రావాలి.

సరే, ఇన్ని చెప్పి చివరికి ఏమంటున్నా? పెట్టొద్దంటున్నానా? కాదు. ఎకరం మొత్తం పెట్టొద్దంటున్నా.

ఒక్క బెడ్ పెట్టండి. సుమారు నాలుగు వందల మొక్కలు. మిగతాదంతా కీరానో, క్యాప్సికమో ఎట్లా నడుస్తుందో అట్లనే నడవనివ్వండి. ఏడాది పొడుగునా ఆ ఒక్క బెడ్ లెక్క ఫోన్‌లో రాయండి: రోజూ ఎన్ని కాడలు కోశారు, కాడ పొడుగెంత, లోపల ఎక్కువ వేడి తక్కువ వేడి ఎంత, ఏ రేటుకు పోయాయి, ఎవరు మళ్లీ అడిగారు. ఇంకో చిన్న పరీక్ష ఇవాళే చేయొచ్చు. మూడు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో వాన నీళ్లు, ఒకదాంట్లో ఫిల్టర్ నీళ్లు. ఒకే రోజు కోసిన మూడు పూలు పెట్టి, రోజూ ఒకే టైమ్‌కు ఫోటో తీయండి. వారం తర్వాత ఆ ఫోటోలు మీకు చెప్పేది ఏ యూట్యూబర్ చెప్పలేడు. నాతో సహా!

సందేహాలుంటే జిల్లా ఉద్యాన అధికారిని కలవండి. సబ్సిడీ నిబంధనలు మారుతుంటాయి, వీడియో చూసి నమ్మకండి, ఆఫీసులో అడగండి. పాత మహబూబ్‌నగర్ వాళ్లకు వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. హైదరాబాద్ జీడిమెట్లలో పాలీహౌస్ సాగు చూపించే సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది. ఒక రోజు పెట్టుకుని వెళ్లి రండి.

ఇదంతా నిన్న రాత్రి చిన్నాయనకు ఫోన్‌లో చెప్పిన. వాన నీళ్ల లెక్క దగ్గర రెండోసారి చెప్పమన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్న. అప్పుడు అన్నాడు: "ముందు గుంట తవ్వమను. ముగ్గురు కొనేటోళ్లను నా ముందర నిలబెట్టమను. గప్పుడు ఆ మూల బెడ్డు ఇస్త. ఒక్కటే బెడ్డు."

తమ్మీ, నువ్వు ఈ వీడియో చూస్తున్నవ్ కదా? నాయిన ఒప్పుకున్నట్టే. ఇప్పుడు పని నీది. వచ్చే వారం తెల్లారగట్ల నాలుగింటికి గుడిమల్కాపూర్‌కు ఇద్దరం పోదాం. చేతిలో పూలు లేకుండా, ఉత్త ప్రశ్నలతో. అక్కడ ఏం జరిగిందో వచ్చే ఎపిసోడ్‌లో అందరికీ చెప్తా.

మీ ఊర్లో పాలీహౌస్ ఉంటే, మీ అనుభవం కామెంట్‌లో రాయండి. లాభం వచ్చింది మాత్రమే కాదు, దెబ్బ తిన్నది కూడా రాయండి. ఇంకొకరికి పనికొచ్చేది అదే.